పంపు కొత్తదే, నీళ్లే నడవడం లేదు: ఒక హీటింగ్ సిస్టమ్ కేసు

ఫోన్లో బిల్డింగ్ మేనేజర్ గారు అడిగింది ఒక్కటే. "పంపు మార్చాం అండీ. అయినా పై అంతస్తు చల్లగానే ఉంది. ఇంకా పెద్ద పంపు వేయమంటారా?"

వచ్చి చూస్తాను, అప్పటిదాకా ఏదీ కొనకండి అని చెప్పాను. ఈ కేసులో నేను తిన్నగా చేసిన పని బహుశా అదొక్కటే. మిగతాదంతా రెండుసార్లు వెళ్లి, ఒకసారి పరువు పోగొట్టుకుని తేల్చిన వ్యవహారం.

మూడంతస్తుల ఆఫీసు భవనం. కింద బాయిలర్ రూములో 60 కిలోవాట్ల బాయిలర్ ఒకటి. వేడెక్కిన నీళ్లు మూడు రైజర్ల (నిలువు పైపుల) గుండా పైకి వెళ్లి, గదుల్లోని రేడియేటర్లలో వేడి వదిలి, రిటర్న్ పైపులో మళ్లీ కిందికి వస్తాయి. కిందికి వచ్చాక వరస ఇదీ: రిటర్న్ హెడర్ (తిరిగొచ్చే పైపులన్నీ కలిసే పెద్ద పైపు), గేట్ వాల్వు, స్ట్రైనర్ (చెత్తను ఆపే జాలీ), పంపు, బాయిలర్. సిస్టమ్ మొత్తంలో ఉన్న నీళ్లు సుమారు 600 లీటర్లు. డిజైన్ కాగితాల ప్రకారం సప్లై 75 డిగ్రీలు, రిటర్న్ 55 డిగ్రీలు ఉండాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, చివరిదాకా దాంతోనే పని. నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీళ్లు ఒక డిగ్రీ చల్లబడితే దాదాపు 70 వాట్ల వేడి వదులుతాయి. 20 డిగ్రీలు చల్లబడితే 1400 వాట్లు. అంటే 60 కిలోవాట్ల వేడి గదులకు చేరాలంటే నిమిషానికి 43 లీటర్లు నడవాలి. గంటకైతే సుమారు 2.6 క్యూబిక్ మీటర్లు. ఆ ఫ్లో దగ్గర పైపులు, రేడియేటర్లు, బాయిలర్ అన్నీ కలిపి 4 మీటర్ల హెడ్, అంటే 4 మీటర్ల నీటి ఎత్తుకు సమానమైన ప్రెషర్ తింటాయని డిజైన్‌లో రాసి ఉంది. ఎంత ఫ్లో దగ్గర పంపు ఎంత హెడ్ ఇస్తుందో చూపే గీత, అంటే పంపు కర్వ్ కూడా అదే చూపిస్తోంది. కాబట్టి పంపు చిన్నది కాదు.

నేను వెళ్లేసరికే అక్కడ చాలా వైద్యం జరిగిపోయింది. అంతకు ముందు సీజన్లో చివరి గదులు సరిగా వేడెక్కడం లేదని ఫిర్యాదు వస్తే బాయిలర్ సెట్టింగ్ 80కి పెంచారు. అప్పటికీ లాభం లేక ఏ గదికి ఎన్ని నీళ్లు వెళ్లాలో సరిచేయడానికి ప్రతి రేడియేటర్ దగ్గరా ఉండే బ్యాలెన్సింగ్ వాల్వులన్నీ బార్లా తెరిచారు. చివరికి పంపే మార్చేశారు. మార్చాక పరిస్థితి మరీ దిగజారింది. బాయిలర్ నాలుగు నిమిషాలు వెలగడం, ఆరిపోవడం, మళ్లీ వెలగడం. అందరూ కొత్త పంపును తిడుతున్నారు.

పై అంతస్తు చల్లగా ఉంటే "పంపుకు అంత ఎత్తు ఎక్కించే శక్తి లేదు" అని చాలామంది అనేస్తారు. అవే నీళ్లు చుట్టూ తిరిగే క్లోజ్డ్ లూప్‌లో ఆ మాట చెల్లదు. బావి గిలకకు రెండు వైపులా సమానంగా నిండిన బొక్కెనలు కట్టినట్టు, పైకెక్కే నీళ్ల బరువును కిందికి దిగే నీళ్ల బరువు సరిచేస్తుంది. పంపు పోరాడాల్సింది పైపుల్లోని రాపిడితో మాత్రమే. ఎత్తు సంగతి చూసుకోవాల్సింది పంపు కాదు, సిస్టమ్‌లో నింపిన ప్రెషర్. 10 మీటర్ల నీటి ఎత్తుకు దాదాపు ఒక బార్ ప్రెషర్ కావాలి. ఇక్కడ గేజి నుంచి అన్నిటికన్నా పైనున్న రేడియేటర్‌కు 9 మీటర్లు. అంటే 0.9 బార్, పైన గాలి లోపలికి పీల్చుకోకుండా ఇంకో 0.3. చల్లగా ఉన్నప్పుడు గేజి 1.2 చూపిస్తే చాలు. పొద్దున బాయిలర్ వెలిగించక ముందు సరిగ్గా 1.2 ఉంటోందని వాళ్ల రిజిస్టర్‌లో రోజూ రాసి ఉంది. బాగానే ఉందనుకున్నాను.

మొదటి రోజు

ముందు టెంపరేచర్లు చూశాను. సప్లై 80, రిటర్న్ 46. తేడా 34 డిగ్రీలు. ఫ్లో తక్కువగా ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. నెమ్మదిగా నడిచే నీళ్లు దారిలోనే వేడంతా వదిలేసి, చివరి గదికి చేరేసరికి చల్లబడిపోతాయి. పైపు మీద బిగించే అల్ట్రాసోనిక్ మీటరు పెడితే నిమిషానికి 16 లీటర్లు చూపించింది. 16, 34, 70 గుణిస్తే 38 కిలోవాట్లు. 60 వెళ్లాల్సిన చోట 38 వెళ్తున్నాయి. మిగతా వేడిని తీసుకెళ్లే నీళ్లు లేక బాయిలర్ 80 తాకగానే ఆరిపోతోంది. ఆరడం, వెలగడం అనే గోలకు కారణం అదే. బాయిలర్‌లో తప్పేమీ లేదు.

ఫ్లో తక్కువ అనేది ఒకే జబ్బు కాదు. జ్వరం లాంటిది. నెట్టేవాడికి బలం లేకపోవచ్చు, లేదా దారి మూసుకుపోయి ఉండవచ్చు. ఈ రెంటిలో ఏదో తేల్చకుండా ఏ స్పానర్ పట్టుకున్నా అది జూదమే. తేల్చడం కష్టమేమీ కాదు, పంపుకు ముందూ వెనకా ప్రెషర్ చూస్తే చాలు. ఫ్లో తక్కువగా ఉండి ఆ తేడా కూడా తక్కువగా ఉంటే పంపులోనే లోపం: లోపల నీళ్లను నెట్టే చక్రం (ఇంపెల్లర్) అరిగిపోయిందో, అందులో చెత్త ఇరుక్కుందో, గాలి పట్టిందో. ఫ్లో తక్కువగా ఉండి తేడా ఎక్కువగా ఉంటే పంపు తన పని తాను చేస్తోంది, ఎక్కడో అడ్డం పడింది.

దీనికి నేను ఒకే గేజి వాడతాను. దానికో రబ్బరు గొట్టం తగిలించి ఒక్కో పాయింటుకూ మారుస్తాను. రెండు గేజిలు పెడితే వాటి మధ్య ఉండే 0.1 బార్ తేడాయే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇలాంటి చిన్న పంపుల దగ్గర 0.1 బార్ అంటే ఒక మీటరు హెడ్, చిన్న సంగతి కాదు.

స్ట్రైనర్‌కు ముందు 2.60 బార్. స్ట్రైనర్ దాటాక, అంటే పంపు నోటి దగ్గర 2.31. పంపు దాటాక 2.87. పంపు ఇస్తున్న తేడా 0.56 బార్, దాదాపు 5.7 మీటర్లు. తర్వాత పంపు అవతలి వాల్వును నాలుగైదు సెకన్లు పూర్తిగా మూసి చూశాను. 0.59 బార్. అంటే 6 మీటర్లు. ఫ్లో సున్నా దగ్గర ఆ పంపు కర్వ్‌లో ఉన్నది కూడా 6 మీటర్లే. పంపు ఆరోగ్యంగా ఉంది. ఈ పరీక్ష సెకన్లలో ముగించాలి, పంపును అలా మూసి ఉంచితే లోపలి నీళ్లు కాగిపోతాయి.

పంపు కొత్తగా మార్చిన చోట నేను ఇంకో రెండు చూస్తాను. త్రీ ఫేజ్ మోటారైతే తిరిగే దిక్కు. సెంట్రిఫ్యూగల్ పంపు వెనక్కి తిరిగినా నీళ్లు ముందుకే పోతాయి, కాకపోతే బాగా నీరసంగా. ఎక్కడో ఒక చోట వైర్లు రెండు తారుమారు చేసి నెలల తరబడి అలాగే నడిపిన పంపును చూశాను. ఇక ఎలక్ట్రానిక్ పంపైతే ఏ మోడ్‌లో పెట్టారో చూడాలి. కొన్ని మోడ్‌లలో ఫ్లో తగ్గిన కొద్దీ పంపు తనంతట తనే హెడ్ తగ్గించుకుంటుంది, అప్పుడు పైన చెప్పిన పరీక్ష తికమక పెడుతుంది. ఇక్కడున్నది సింగిల్ ఫేజ్, ఒకే స్పీడు. ఆ గొడవ లేదు.

అడ్డం ఎక్కడో కూడా గేజి చెప్పేసింది. స్ట్రైనర్ ఒక్కటే 0.29 బార్ తింటోంది. శుభ్రంగా ఉన్న స్ట్రైనర్ ఇంత తక్కువ ఫ్లో దగ్గర గేజి ముల్లును కదిలించను కూడా కదిలించదు. సిస్టమ్ ఆపి, నీళ్లు చల్లబడనిచ్చి, అటూ ఇటూ వాల్వులు మూసి జాలీ బయటికి లాగాం. నల్లటి బురద, దాంట్లో జనపనార పోగులు, టెఫ్లాన్ టేపు ముక్కలు, ఒక గ్యాస్కెట్ తునక. పంపు మార్చినప్పుడు జాయింట్ల దగ్గర వాడినవన్నీ సిస్టమ్ అంతా తిరిగి అక్కడికే చేరాయి. పంపు మార్చినవాళ్లు పక్కనే ఉన్న జాలీ విప్పి చూడలేదన్నమాట.

వాల్వులు తిరిగి తెరుస్తున్నప్పుడు మా కుర్రాడు అన్నాడు: "అన్నా, ఈ గేట్ వాల్వు మరీ వదులుగా తిరుగుతోంది, చేతికి పట్టే లేదు." పాతది కదా అన్నాను.

అంతా నడిపి మీటరు చూస్తే 22 లీటర్లు. 16 నుంచి 22. మూడో వంతుకు పైగా పెరిగింది. మిగతాది పైనున్న గాలి తీసేస్తే, బ్యాలెన్స్ చేస్తే వస్తుందనుకున్నాను. ఆ వారం చలి కూడా తగ్గింది. గదులు వెచ్చగా ఉన్నాయని మేనేజర్ గారు సంతోషంగా సంతకం పెట్టారు.

కాగితం మీద ముందే ఉన్న సంగతి

మూడు వారాలకు మళ్లీ ఫోన్. చలి పెరిగింది, పై అంతస్తు మళ్లీ అంతే. వెళ్లే ముందు రాత్రి పాత రీడింగులు ముందేసుకుని కూర్చున్నాను. ఆ లెక్క మొదటి రోజే చేయాల్సింది.

పైపుల్లో రాపిడి ఫ్లో వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఫ్లో సగమైతే నష్టం నాలుగో వంతు. 43 లీటర్ల దగ్గర 4 మీటర్లు తినే సిస్టమ్, 16 లీటర్ల దగ్గర ఎంత తినాలి? 16ను 43తో భాగించి, వర్గం చేసి, 4తో గుణిస్తే దాదాపు 0.55 మీటర్లు. పంపు ఇచ్చింది 5.7. స్ట్రైనర్ తిన్నది 2.9. ఇంకా 2.8 మిగలాలి. అందులో సిస్టమ్‌కు న్యాయంగా రావాల్సింది 0.55. మరి మిగతా రెండు మీటర్ల పైచిలుకు ఎవరు తింటున్నారు?

స్ట్రైనర్‌కు అవతల ఇంకో దొంగ ఉన్నాడని మొదటి రోజు అంకెల్లోనే రాసి ఉంది. ఒక దొంగ దొరికిన సంబరంలో నేను లెక్క చూడలేదు.

రెండోసారి

ఫ్లో 17కు పడిపోయింది. స్ట్రైనర్ విప్పితే మళ్లీ సగం బురద. దాన్ని అరచేతిలో వేసుకుని అయస్కాంతం దగ్గర పెడితే ఎగిరి అతుక్కుంది. మ్యాగ్నటైట్. ఇనుము నీళ్లలో తుప్పు పట్టి తయారయ్యే నల్ల పొడి. మూడు వారాల్లో ఇంత తయారవదు. రేడియేటర్ల అడుగున ఏళ్ల తరబడి పేరుకున్నది, ఫ్లో కాస్త పెరగ్గానే కదిలి వచ్చింది. పైకెళ్లి చేత్తో తాకి చూసినా అదే తెలిసింది. చాలా రేడియేటర్లు పైన వేడిగా, అడుగున చల్లగా ఉన్నాయి. గాలి పడితే దీనికి తలకిందులుగా ఉంటుంది: అడుగు వేడి, పైభాగం చల్లన.

జాలీ కడిగి పెట్టాక మళ్లీ 22. ఈసారి గేజి గొట్టాన్ని స్ట్రైనర్‌తో ఆపకుండా ఇంకా వెనక్కి తీసుకెళ్లాను. రిటర్న్ హెడర్‌కు నీళ్లు వదిలే చిన్న కుళాయి, డ్రెయిన్ కాక్ ఉంది. దానికి తగిలించాను. అక్కడి నుంచి స్ట్రైనర్ ముందు పాయింటుకు 0.43 బార్ తేడా. ఆ రెంటి మధ్య ఒక మూర పైపు, ఒక వాల్వు తప్ప ఏమీ లేవు. మా కుర్రాడు వదులుగా ఉందన్న గేట్ వాల్వే అది. స్క్రూడ్రైవర్ కొస వాల్వు మీద ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా బుస వినిపించింది.

ఈ రకం గేట్ వాల్వులో హ్యాండిల్ కింది కడ్డీ, అంటే స్పిండిల్ పైకి లేవదు, ఉన్నచోటే తిరుగుతుంది. లోపలి గేటు ఎక్కడుందో బయటికి కనిపించదు. హ్యాండిల్ ఎన్ని చుట్లు తిరిగిందో దాన్నే నమ్ముకోవాలి. బాయిలర్ రూము వైపు నీళ్లు దించి పైభాగం విప్పాం. గేటు స్పిండిల్ నుంచి ఊడిపోయి కింద కూర్చుని ఉంది. మూసేటప్పుడు స్పిండిల్ దాన్ని కిందికి తొయ్యగలదు, తెరిచేటప్పుడు పైకి లాగలేదు. అందుకే నేను మూసిన రోజు నీళ్లు చక్కగా ఆగాయి, అనుమానం రాలేదు. గేటు పక్కనున్న సందులోంచే ఇన్నాళ్లూ భవనం మొత్తానికి నీళ్లు వెళ్తున్నాయి.

పంపు మార్చాక పరిస్థితి ఎందుకు దిగజారిందో కూడా అప్పుడు అర్థమైంది. ఏళ్ల తరబడి కదపని వాల్వును పంపు మార్చడం కోసం మూశారు. తిరిగి తెరిచేటప్పుడు గేటు ఊడింది. కొత్త పంపు చేసిన పాపం ఏమీ లేదు.

దాని స్థానంలో ఫుల్ బోర్ (తెరిస్తే పైపంత దారి ఇచ్చే) బాల్ వాల్వు పెట్టాం. దాని హ్యాండిల్ చూస్తేనే తెరిచి ఉందో మూసి ఉందో తెలుస్తుంది. నడిపి చూస్తే 41 లీటర్లు. పంపు తేడా 0.41 బార్‌కు దిగింది. ఫ్లో పెరిగితే పంపు తేడా తగ్గడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. కర్వ్ మీద కుడివైపుకు జరగడమే అది, శుభవార్త.

బురద ఎక్కడి నుంచి

అక్కడితో బిల్లు రాసి వచ్చేయవచ్చు. కానీ ఒకసారి అలాగే చేసి మొహం వాచింది. బిగుతుగా ఉన్న సిస్టమ్‌లో ఒకసారి నింపిన నీళ్లలోని ఆక్సిజన్ కొద్ది రోజుల్లోనే ఇనుముతో కలిసి ఖర్చయిపోతుంది, ఆ తర్వాత తుప్పు దాదాపు ఆగిపోతుంది. ఇంత మ్యాగ్నటైట్ ఉందంటే ఆక్సిజన్ రోజూ కొత్తగా వస్తోందని అర్థం.

మొదటి రోజు 2.60 అంకె అప్పుడు గుర్తొచ్చింది. చల్లగా ఉన్నప్పుడు 1.2, వేడి మీద 2.6! వేడెక్కితే పెరుగుతుంది లే అని సరిపెట్టుకున్నాను. నీళ్లు 10 డిగ్రీల నుంచి 80కి వేడెక్కితే దాదాపు 2.9 శాతం వ్యాకోచిస్తాయి. 600 లీటర్లకు అది 17 లీటర్లు. ఆ 17 లీటర్లకు చోటిచ్చేదే ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. లోపల రబ్బరు పొర, ఒకవైపు నీళ్లు, ఒకవైపు గాలి. అది పనిచేస్తుంటే ప్రెషర్ ఇంతగా ఎగబాకదు.

ట్యాంకు గాలి వైపున సైకిల్ ట్యూబుకు ఉన్నట్టు చిన్న వాల్వు ఉంటుంది. దాని పిన్ను నొక్కితే గాలి రావాలి. నొక్కాను. నల్లనీళ్లు చిమ్మాయి. రబ్బరు చిరిగిపోయింది. ట్యాంకు నిండా నీళ్లే, అంటే ట్యాంకు లేనట్టే.

మరి పెరిగిన నీళ్లు ఎటు పోతున్నాయి? ప్రెషర్ 3 బార్లకు చేరితే నీళ్లు బయటికి వదిలే సేఫ్టీ వాల్వు గొట్టం నేరుగా ఫ్లోర్ డ్రెయిన్‌లోకి దిగి ఉంది. ఎవరికీ కనిపించదు. గొట్టం చివర బకెట్ పెట్టి ఒక రోజు నడిపించాం. సాయంత్రానికి 9 లీటర్లు. రాత్రి సిస్టమ్ చల్లబడి ప్రెషర్ పడిపోగానే ఆటో ఫిల్ వాల్వు గప్‌చుప్‌గా మంచినీళ్లు నింపి 1.2కు తెచ్చేస్తోంది. రిజిస్టర్‌లో రోజూ పొద్దున కనిపించిన 1.2 అలా తయారైంది. రోజుకు 9 లీటర్ల చొప్పున రెండు నెలల్లో 600 లీటర్లూ కొత్త నీళ్లే అవుతాయి, ప్రతి లీటరూ తన వంతు ఆక్సిజన్‌తో, ఉప్పులతో. ఖాయం చేసుకోవడానికి ఒక రాత్రి ఆటో ఫిల్ మూసి ఉంచాం. పొద్దున గేజి 0.4. అంటే నాలుగు మీటర్ల ఎత్తుకు సరిపడా ప్రెషర్. 9 మీటర్ల ఎత్తులో ఉన్న రేడియేటర్ల దగ్గర వాక్యూమ్, అక్కడి ఆటోమేటిక్ ఎయిర్ వెంట్లు గాలిని బయటికి వదిలే బదులు లోపలికి పీలుస్తున్నాయి.

ఆటో ఫిల్ మీద నాకు మొదటి నుంచీ మంచి అభిప్రాయం లేదు. లీకును దాచిపెట్టే పరికరం అది. పెట్టక తప్పకపోతే దానికి ముందు ఒక నీళ్ల మీటరు పెట్టాలి.

కొత్త ట్యాంకు 80 లీటర్లది వేశాం. నీళ్లకు కలపక ముందే గాలి 1.0 బార్‌కు సరిచేశాం. కలిపాక చూస్తే గేజి నీళ్ల ప్రెషరే చూపిస్తుంది, గాలి ఎంత ఉందో తెలియదు. ట్యాంకు కనెక్షన్ రిటర్న్ హెడర్ నుంచి తీసి పంపు నోటి దగ్గరికి మార్చాం. ట్యాంకు కలిసిన చోట పంపు నడిచినా ఆగినా ప్రెషర్ మారదు. అది పంపు నోటి దగ్గర ఉంటే పంపు ఇచ్చే తేడా అంతా మిగతా సిస్టమ్‌కు ప్రెషర్‌గా కలిసి వస్తుంది, పైన గాలి పీల్చే ఛాన్స్ తగ్గుతుంది. సేఫ్టీ వాల్వు కూడా మార్చేశాం. బురదనీళ్లు వదులుతూ వచ్చిన వాల్వు మళ్లీ సరిగా కూర్చుంటుందని నమ్మలేం.

తర్వాత క్లీనింగ్ కెమికల్ వేసి ఒక వారం నడిపి, ఒక రైజర్ తెరిచి మిగతా రెండూ మూసి, వంతులవారీగా ఫ్లష్ చేశాం. ఆ వారంలో జాలీ నాలుగుసార్లు కడిగాం. రిటర్న్‌లో అయస్కాంతంతో నల్ల పొడిని పట్టే మ్యాగ్నెటిక్ సెపరేటర్ పెట్టి, నీళ్లలో తుప్పు నిరోధించే ఇన్‌హిబిటర్ కలిపాం.

అన్నీ అయ్యాక కింద అంతస్తు వాళ్లు కొత్త ఫిర్యాదు పెట్టారు, ఉక్కపోస్తోందని. బ్యాలెన్సింగ్ వాల్వులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి కదా, నీళ్లు దగ్గర దారి పట్టుకుని కింది గదుల్లోనే తిరుగుతున్నాయి. దగ్గరి రేడియేటర్లను కాస్త కాస్త బిగిస్తూ, ప్రతి దానికీ లోపలికి వెళ్లే, బయటికి వచ్చే పైపుల తేడా 20 డిగ్రీల చుట్టుపక్కలకు తెచ్చాం. ఒకటిన్నర రోజు పట్టింది. ఈ పని చివర్లోనే చేయాలి. ఫ్లో రాక ముందు చేసిన బ్యాలెన్సింగ్ అంతా తిరగరాయాల్సిందే.

బాగా చలి ఉన్న ఒక పొద్దున వెళ్లి చూశాను. బాయిలర్ ఆగకుండా వెలుగుతోంది. సప్లై 75, రిటర్న్ 54, ఫ్లో 41. గుణిస్తే 60 కిలోవాట్లు. వేడి మీద గేజి 1.9 దాటలేదు. ఫిల్ లైనులో పెట్టిన మీటరు అంకె నెల రోజులుగా కదల్లేదు.

వచ్చేటప్పుడు మేనేజర్ గారిని పాత పంపు ఏం చేశారని అడిగాను. స్టోర్ రూములో మూలన పడేసి ఉంది. షాఫ్ట్ చేత్తో తిప్పితే సాఫీగా తిరిగింది, ఇంపెల్లర్‌కు గీత కూడా లేదు. కరెంటు ఇచ్చి చూస్తే నడిచింది. ఆయన దాన్ని కాసేపు చూసి, తుడిపించి, మీద "స్పేర్" అని రాయించారు.